నమూనా ఇంట్లో బుధవారాలు

ఆ ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళు రావు. ఫ్రిజ్ తెరిస్తే లోపల దీపం వెలుగుతుంది గానీ చల్లదనం ఉండదు. అరలో బారుగా నిలబెట్టినవి పుస్తకాలు కావు, పుస్తకాల్లా కనిపించే అట్టపెట్టెలు. బల్ల మీది పళ్ళు మైనంతో చేసినవి. గోడ గడియారం పొద్దస్తమానం పదీ పదే చూపిస్తుంది. ముళ్ళు అలా ఉంటే గడియారం నవ్వుతున్నట్టు ఉంటుందని ఎవరో బుర్ర ఉన్నవాడు కనిపెట్టాడట. ఆ ఇంటికి ఒక ఇంటావిడ ఉంది. ఆమె మాత్రం నిజం మనిషే.

అపార్టుమెంట్లు కట్టేటప్పుడు, మిగతా గోడలు ఇంకా లేస్తూ ఉండగానే, ఒక్క ఫ్లాటును ముందుగా ముస్తాబు చేసి కొనడానికి వచ్చేవాళ్ళకు చూపిస్తారు. దాన్నే నమూనా ఇల్లు అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఒకే కంపెనీలో, ఒకదాని తర్వాత ఒకటి, ఆరు నమూనా ఇళ్ళను ఆమే చూసుకుంది. పేరు అడిగే ఓపిక లేక మేస్త్రీల దగ్గర్నుంచి మేనేజర్ల దాకా అందరూ ఆమెను "ఇంటావిడ" అనేవాళ్ళు. మొదట్లో వెటకారానికి పెట్టిన పేరే. వెటకారం అరిగిపోయింది, పేరు మిగిలింది. ఇప్పుడామెకు యాభై ఆరేళ్ళు.

పొద్దున తొమ్మిదింటికి వచ్చి తలుపు తీస్తుంది. ఎవరూ పడుకోని పరుపు మీద దుప్పటి సవరిస్తుంది. ఎవరూ తినని కంచాలు తుడుస్తుంది. ఎవరూ తాగని కప్పులో చెంచా ఏ వంకకు ఉండాలో ఆ వంకకు తిప్పి పెడుతుంది. ఇంట్లోవాళ్ళు ఇప్పుడే లేచి పక్క గదిలోకి వెళ్ళినట్టు కనిపించాలి, అదీ ఆమె పని. మధ్యాహ్నం మాత్రం బయట మెట్ల మీద కూర్చుని డబ్బా విప్పుకుంటుంది, ఎందుకంటే ఆ భోజనాల బల్ల మీద భోజనం చెయ్యకూడదని రూలు.

ఇంకో కిటుకు కూడా ఉంది ఆ ఇళ్ళల్లో. సామానంతా మామూలు కొలతకు ఒక పిసరు తక్కువ చేయిస్తారు. మంచం ఒక జానెడు పొట్టి, సోఫా రెండు వేళ్ళు పల్లం, బీరువా లోతు తక్కువ. అప్పుడు గది పెద్దదిగా కనిపిస్తుంది. కొన్నవాళ్ళు తమ మంచం తెచ్చి వేసుకున్నాక గానీ ఇరుకు తెలియదు. అప్పటికి తాళాలు చేతికొచ్చేసి ఉంటాయి.

వచ్చినవాళ్ళు వెళ్ళేముందు రిజిస్టర్లో పేరు, ఫోను నంబరు రాయాలి. నంబర్లలో సగం తప్పులే. సేల్స్‌వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేసి ప్రాణం తోడేస్తారని అందరికీ తెలుసు కాబట్టి, ఎంత పెద్దమనిషైనా ఒక అంకె అటూ ఇటూ చేసి రాస్తాడు. వాళ్ళు గడప దాటాక ఆ పేరు పక్కన ఇంటావిడ ఒక చుక్క పెడుతుంది. పచ్చ చుక్క అంటే కొంటారు. పసుపు చుక్క అంటే ఊగిసలాడుతున్నారు. ఎర్ర చుక్క అంటే ఊరికే చూసిపోవడానికి వచ్చారు. కొనేవాడు కుళాయి తిప్పి నీళ్ళు రాలేదని మొహం చిట్లిస్తాడు. కొనే మొగుడూ పెళ్ళాలు వంటింట్లో గొంతు తగ్గించి పోట్లాడుకుంటారు. ఊరికే వచ్చినవాళ్ళు అన్నీ బాగున్నాయంటారు, వాళ్ళకు పోయేదేముంది! మనిషి చెప్పులు చూసి, తలుపు పట్టుకునే తీరు చూసి ఆమె చుక్క పెట్టేసేది. ఇంటావిడ చుక్క తప్పదని కంపెనీలో అంతా చెప్పుకునేవాళ్ళు. జన్మలో ఆమెను ఎవరైనా మెచ్చుకున్నది ఆ ఒక్కదానికే, అందుకని ఆ పేరును ఆమె కంటికి రెప్పలా కాచుకునేది.

ఊరికి ఇంకో కొసన ఆమెకు సొంత ఫ్లాటు ఉంది. ఒక కట్టడం అమ్ముడైపోగానే అక్కడి నమూనా ఇంటి సామాను విప్పేస్తారు. నచ్చినవి ఆమె ఇంటికి చేరేవి. అలా సోఫా వచ్చింది, పొట్టి మంచం వచ్చింది, అద్దాల బీరువా వచ్చింది, మెత్తటి తివాచీ వచ్చింది, ఆఖరికి అట్టపుస్తకాలు కూడా వచ్చాయి. ఎండాకాలం చల్లదనం, చలికాలం వెచ్చదనం, బటన్ నొక్కితే చాలు. చూసినవాళ్ళెవరైనా "నీకేం తల్లీ, మహారాణివి" అనాల్సిందే. చూసేవాళ్ళు లేరు, అది వేరే సంగతి. భర్త పోయి పద్దెనిమిదేళ్ళు. పిల్లలు లేరు. వేరే ఊళ్ళో తమ్ముడున్నాడు, నెలకోసారి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఆరోగ్యం ఎలా ఉందక్కా, పని ఎలా ఉందక్కా, ఏమైనా కావాలా అక్కా. మూడింటికీ కలిపి ఆమె ఒకటే జవాబు చెప్పేది, "బాగానే ఉందిరా, ఏమీ వద్దు" అని. అది అబద్ధమని ఆమెకూ తెలియదు.

అలాంటి మనిషి దగ్గరికి ఒక బుధవారం సాయంత్రం నాలుగింటికి ఒక పెద్దావిడ వచ్చింది, తర్వాత్తర్వాత ఇంటావిడ పెద్దమ్మ అనుకున్న మనిషి.

డెబ్బై దాటిన మనిషి. చేతిలో గొడుగు, భుజాన గుడ్డసంచి, కాళ్ళకు ఒక పక్క అరిగిపోయిన చెప్పులు. ఇంటావిడ కన్ను ముందు చెప్పుల మీదే పడింది. ఎర్ర చుక్క అక్కడే ఖాయమైపోయింది. అయినా పని పనే కాబట్టి, వచ్చిన ప్రతివాళ్ళనూ అడిగే మాట అడిగింది.

"ఎవరికోసమండీ ఇల్లు? పిల్లలకా?"

"నాకే."

"ఎంతమంది ఉంటారండీ?"

"నేనొక్కదాన్నే. ఒక గంట సేపు ఉంటాను."

ఇంటావిడ తర్వాతి ప్రశ్న అడిగేలోపే పెద్దమ్మ వెళ్ళి సోఫాలో కూర్చుంది. గదులు చూడలేదు, వంటిల్లు ఎటో అడగలేదు. బాల్కనీ వైపు మొహం పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గంట సేపు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. వెళ్ళేటప్పుడు రిజిస్టర్లో పేరు రాసి, కింద పది అంకెలు రాసింది.

"నంబరు తప్పమ్మాయ్, ఏమీ అనుకోకు. నాకసలు ఫోనే లేదు. ఖాళీ వదిలేస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావేమోనని రాశాను. వచ్చే బుధవారం వస్తా."

ఆవిడ వెళ్ళాక ఇంటావిడ ఎర్ర పెన్ను చేతిలోకి తీసుకుంది. అబద్ధం నంబరు రాసినవాళ్ళు ఇరవై రెండేళ్ళలో కొన్ని వేలమంది ఉంటారు. అబద్ధమని చెప్పి మరీ రాసిన మనిషి ఈవిడొక్కతే. మూడు రంగుల్లో ఏదీ కుదిరినట్టు అనిపించలేదు. మొట్టమొదటిసారిగా ఒక పేరు పక్కన చోటు ఖాళీగా వదిలేసి రిజిస్టర్ మూసింది.

చెప్పినట్టే వచ్చే బుధవారం వచ్చింది పెద్దమ్మ. ఆ పై బుధవారమూ వచ్చింది. ఆస్పత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసిందట. ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది. ఒకటే గది, ఆరుగురు మనుషులు. కూతురు దుప్పట్లకు అంచులు కుట్టి దుకాణాలకు ఇస్తుంది, కుట్టు మిషన్ తెల్లారి మొదలైతే దీపాలు ఆర్పేదాకా ఆగదు.

"వాళ్ళంటే నాకు ప్రాణమేనమ్మాయ్. కానీ ప్రాణం కూడా వారానికోసారి కాస్త గాలి పీల్చుకోవాలిగా. మా ఇంట్లో నిశ్శబ్దం అనే సామాను లేదు. మీ ఇంట్లో అది తప్ప ఇంకేం లేదు. అందుకని వస్తున్నా."

"ఇది మా ఇల్లు కాదండీ."

"తెలుసులే. ముందు నువ్వు కూర్చో. నువ్వలా కాపలా కాస్తున్నట్టు నిలబడితే నాకు ఆస్పత్రిలో సూపర్‌వైజర్ గుర్తొస్తోంది."

"మేం కూర్చోకూడదండీ, రూలు."

"ఎవరు చూస్తున్నారు? ఆ మైనం పళ్ళా?"

ఇంటావిడ తలుపు వైపు ఒకసారి చూసి, సోఫా కొసన సగం మాత్రం ఆనించి కూర్చుంది. ఇరవై రెండేళ్ళలో అదే మొదలు. కూర్చుంటే ఇల్లు వేరేగా కనిపించింది. నాలుగు గంటల ఇరవై నిమిషాలకు బాల్కనీ అద్దంలోంచి ఎండ లోపలికి దిగింది. ముందు తివాచీ అంచు, తర్వాత బల్ల కాలు, తర్వాత ఎదురుగా ఉన్న తెల్ల గోడ. గోడ మీద కాసేపు నిలబడి, రంగు మారి, నెమ్మదిగా పైకి పాకి వెళ్ళిపోయింది. అంతే, ఇంకేం జరగలేదు. అయినా చూస్తున్నంత సేపూ ఆమెకు ఊపిరి పీల్చడం కూడా చప్పుడనిపించింది. ఆ ఎండ రోజూ వచ్చేదే. ఆమె దాన్ని దుమ్ము ఎక్కడుందో కనిపెట్టడానికి మాత్రమే వాడుకుంది ఇన్నాళ్ళూ.

నాలుగో వారమో అయిదో వారమో, నడుము నొప్పిగా ఉందని పెద్దమ్మ పడగ్గదిలో మంచం మీద వాలింది. ఆవిడేమీ పొడగరి కాదు, అయినా మడమలు మంచం దాటి గాల్లో ఉన్నాయి. పడుకునే పకపకా నవ్వింది.

"ఇదేం మంచమమ్మాయ్, బొమ్మలకు చేయించారా?"

ఇంటావిడ కిటుకు విప్పి చెప్పింది. బయటివాళ్ళకు చెప్పకూడని మాట. పెద్దమ్మ శ్రద్ధగా విని, లేచి కూర్చుని అడిగింది.

"మరి మీ ఇంట్లో మంచం?"

"అదీ ఇలాంటిదేనండీ. పాత సైటుది."

"ఎన్నేళ్ళయింది కొని?"

"పన్నెండు."

"పన్నెండేళ్ళుగా ముడుచుకుని పడుకుంటున్నావా నువ్వు?"

అలా ఎవరూ అడగలేదు ఆమెను. ఆమె కూడా తనను తాను అడగలేదు. మోకాళ్ళు కడుపులోకి లాక్కుని పడుకోవడం తన అలవాటనే అనుకుందిగానీ, మంచం పొట్టిదై అలా పడుకుంటున్నానని ఏనాడూ తట్టలేదు. దుప్పటి సవరించే నెపంతో అటు తిరిగింది.

పెద్దమ్మకు ఇంకో అలవాటుండేది. రాగానే గొడుగు మూలన పెట్టి, "ఈ వారం ఏం చూశావ్?" అని అడిగేది. మొదట్లో ఇంటావిడకు అర్థం కాలేదు. ఏం చూస్తానండీ, ఏముంటుంది చూడ్డానికి అనేది. "కళ్ళున్నాయిగా, ఏదో ఒకటి పడకుండా ఎలా ఉంటుంది?" అని పెద్దమ్మ తను చూసినవి చెప్పేది. మనవరాలు అద్దం ముందు నిలబడి ఏడుపు ప్రాక్టీసు చేయడం. వీధి చివర రెండు కుక్కలు ఒకే నీడ కోసం వంతులు వేసుకోవడం. చెబుతున్నప్పుడు ఆవిడ మొహం చూడాలి, ఎవరో తనకు బహుమానం ఇచ్చినట్టు ఉండేది.

బడిలో పాఠం అప్పజెప్పలేని పిల్లలా ఉండలేక, ఇంటావిడ చూడటం మొదలుపెట్టింది. బుధవారానికి ఏదో ఒకటి కావాలి కదా. బస్సులో ఒక పెద్దమనిషి పక్క సీట్లోని ముక్కూ మొహం తెలియని మనిషి భుజం మీద తల వాల్చి నిద్రపోతే, ఆ మనిషి తను దిగాల్సిన స్టాపు వదిలేసి కూడా కదలకుండా కూర్చోవడం చూసింది. ఎదురు కట్టడం మీద క్రేన్ నడిపేవాడు పొద్దున్నే ఆకాశానికి దండం పెట్టినట్టు చేతులు చాచి ఒళ్ళు విరుచుకోవడం చూసింది. గోడలకు నునుపు పెట్టే ముసలాయన, పని అయిపోయాక, ఎవరూ లేరనుకుని గోడను అరచేత్తో ఒకసారి నిమిరి వెళ్ళడం చూసింది. ఇవన్నీ జాగ్రత్తగా దాచుకుని బుధవారం చెప్పేది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని వినేది. "ఆ స్టాపు వదిలేసుకున్నవాడి సంగతి ఇంకోసారి చెప్పు" అని అడిగి మరీ చెప్పించుకునేది. ఆ గంట కోసం ఆమె మంగళవారం నుంచే తయారుగా ఉండేది. తన వయసుకు ఇదేం సంబరమని తనను తాను కసురుకునేది కూడా.

తొమ్మిదో వారం కంపెనీకి కొత్త మేనేజరు వచ్చాడు. మనిషి చెడ్డవాడేం కాదు, కాకపోతే అన్నీ సర్దేయాలని తొందర. రిజిస్టర్లన్నీ కంప్యూటర్లో ఎక్కించి, ఎర్ర చుక్క ఉన్నవాళ్ళు రెండోసారి వస్తే గేటు దగ్గరే ఆపేయమని వాచ్‌మన్‌కు పటం గీసినట్టు చెప్పాడు. ఆ బుధవారం పెద్దమ్మ వెళ్ళిన గంటకు నమూనా ఇల్లున్న మూడో అంతస్తుకు వచ్చి రిజిస్టర్ తిరగేశాడు.

"ఏంటమ్మా, ఈ ఒక్క పేరుకే చుక్క లేదు? తొమ్మిదిసార్లు వచ్చిందిగా ఈవిడ?"

ఇంటావిడ రిజిస్టర్ తన వైపు తిప్పుకుంది.

"మీ చుక్క తప్పదని చాలా గొప్పగా చెప్పారే నాకు! మీరు కూడా తేల్చుకోలేకపోతున్నారా?"

నవ్వుతూనే అన్నాడు. పసుపు చుక్క పెట్టినా సరిపోయేది. ఊగిసలాడుతోంది సార్, కూతురితో మాట్లాడుతోందట అని చెప్పినా ఆయన నమ్మేవాడు. కానీ ఆ నవ్వు ఆమెకు సూదిలా గుచ్చుకుంది. ఇరవై రెండేళ్ళ పేరు. అదీ పోతే తన దగ్గర ఏముందన్న భయం ఒక్క క్షణం కమ్మేసింది. పెన్ను తీసుకుని తొమ్మిది చోట్లా ఆ పేరు పక్కన తొమ్మిది ఎర్ర చుక్కలు పెట్టింది. గేటు దగ్గర ఆపుతారని అప్పటికి తనకు తెలియదని తర్వాత ఎన్నోసార్లు చెప్పుకుంది గానీ, తెలుసు. పొద్దునే వాచ్‌మన్ చెప్పాడు.

పదో బుధవారం నాలుగింటికి, ఎవరో భార్యాభర్తలు వంటింట్లో గొంతు తగ్గించి పోట్లాడుకుంటున్నారు. పచ్చ చుక్క మనుషులు. ఇంటావిడ బాల్కనీలోకి వచ్చి కిందికి చూసింది. గేటు దగ్గర పెద్దమ్మ. వాచ్‌మన్ చేతిలో కాగితం ఉంది. ఏదో చెబుతున్నాడు, కాగితం మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు, తర్వాత వేలు ఎత్తి మూడో అంతస్తును చూపించాడు. పెద్దమ్మ తల ఎత్తి చూసింది.

ఇంటావిడ కర్టెన్ వెనక్కి తప్పుకుంది.

ఎందుకలా చేసిందో ఆమెకు తెలియదు. కాళ్ళు చేసిన పని అది. మెట్లు దిగి వెళ్ళి, పెద్దమ్మ నా మనిషి, లోపలికి రానివ్వు అంటే వాచ్‌మన్ సలాం కొట్టి వదిలేవాడు. మళ్ళీ తొంగి చూసేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. వంటింట్లోంచి ఆ భర్త, "ఏమండీ, ఈ కుళాయిలో నీళ్ళు రావేంటి?" అని పిలిచాడు. ఆమె వెళ్ళి జవాబు చెప్పింది.

తర్వాతి బుధవారం నాలుగింటికి సోఫా కొసన కూర్చుంది. ఎండ వచ్చింది, గోడ ఎక్కింది, పోయింది. ఆ పై బుధవారమూ అంతే. పెద్దమ్మ రాలేదు. రాదని ఆమెకు తెలుసు, అయినా చెప్పుల చప్పుడు వినిపించినప్పుడల్లా లేచి నిలబడేది. రిజిస్టర్లో ఉన్న నంబరుకు, అబద్ధమని తెలిసి కూడా, ఒకరోజు ఫోన్ చేసింది. ఎవరో లారీ డ్రైవరు ఎత్తాడు. "పెద్దమ్మ ఉన్నారా?" అని అడిగితే, "మా పెద్దమ్మ పోయి పదేళ్ళయిందమ్మా, నువ్వెవరు?" అన్నాడు. సారీ చెప్పి పెట్టేసింది.

ఇళ్ళు ఇళ్ళలాగే ఉన్నాయి. సోఫా మెత్తగా ఉంది, గది చల్లగా ఉంది, ఎక్కడా ధూళి లేదు. చెడిపోయింది ఆమె ఒక్కతే. చూసే రోగం పట్టుకుంది ఆమెకు. మునుపు ఏదీ చూసేది కాదు కాబట్టి చెప్పుకోవాల్సిందీ ఉండేది కాదు. ఇప్పుడు రోజూ ఏదో ఒకటి కంటపడుతోంది, వినడానికి ఎవరూ లేరు. బస్సు కిటికీ అద్దం మీద ఎవరో పాప ఊపిరి ఊది వేలితో ఇల్లు గీసింది. ఆ ఇంటికి తలుపు గీసేలోపే స్టాపు వచ్చి పాప దిగిపోయింది. ఆ సంగతి కడుపులో పెట్టుకుని ఇంటికి వచ్చి, దీపం వేసి, చెప్పులు విడిచి, ఎవరికి చెప్పాలో తెలియక హాల్లో నిలబడిపోయింది. తమ్ముడు ఫోన్ చేసినప్పుడు చెప్పబోయింది. "ఏంటక్కా, అర్థం కాలేదు, నీకేమైనా కావాలా?" అన్నాడు వాడు. "ఏమీ వద్దురా" అంది. అన్నాక ఆ మాట అబద్ధమని ఆమెకు మొదటిసారి తెలిసింది.

నాలుగు వారాలు ఓర్చుకుంది. అయిదో వారం, సోమవారం సెలవు పూట, ఆస్పత్రి లాండ్రీకి వెళ్ళింది. ఆవిరి కమ్మేసిన పెద్ద హాలు, గిరగిరా తిరిగే డ్రమ్ములు. రిజిస్టర్లో ఉన్న పేరు చెప్పి, గుడ్డసంచి, గొడుగు, గట్టిగా నవ్వుతుంది అని గుర్తులు కూడా చెబితే, అక్కడి ముసలి ఇస్త్రీ మనిషి వెంటనే పోల్చుకున్నాడు. "ఆవిడా? ఆవిడ వెళ్ళిపోయాక ఈ హాల్లో నవ్విన మనిషి లేదు" అని, వీధి పేరూ మెట్ల గుర్తూ చెప్పాడు. బస్సు మారి, నడిచి, అడిగి, ఇరుకు మెట్లు ఎక్కి నాలుగో అంతస్తు చేరేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. తలుపు వెనక కుట్టు మిషన్ టకటకా మోగుతోంది. కూతురు తలుపు తీసి, ఎవరో అధికారి అనుకుని కంగారుపడింది.

లోపల నేల కనిపించనంతగా దుప్పట్లు. ఒక మూల పిల్లలు రాసుకుంటున్నారు, ఇంకో మూల గిన్నెలు. ఆ గుట్టల మధ్య పీట వేసుకుని పెద్దమ్మ దుప్పట్లు మడత పెడుతోంది. తల ఎత్తి చూసింది. ఆశ్చర్యపడలేదు, మొహం చిట్లించుకోలేదు, నవ్వనూ లేదు.

"వచ్చావా" అంది.

"వచ్చానండీ."

మిషన్ మళ్ళీ మొదలైంది. కూర్చోమని ఎవరూ అనలేదు, కూర్చోవడానికి చోటూ లేదు. పెద్దమ్మ చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తి చేసి పక్కన పెట్టింది.

"ఒకటే అడుగుతా అమ్మాయ్. ఆ ఎర్ర చుక్క మొదటి రోజే పెట్టావా, తర్వాత పెట్టావా?"

ఈ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. బస్సులో వస్తూ జవాబు కూడా తయారు చేసుకుంది. మొదటి రోజే పెట్టానండీ, అప్పటికి మీరెవరో నాకు తెలియదు, తర్వాత కొట్టెయ్యడం మర్చిపోయాను. అతుకు కనిపించని అబద్ధం. వాచ్‌మన్ కాగితంలో తేదీలు ఉండవు. ఆ మాట అంటే చాలు, పెద్దమ్మ నవ్వేస్తుంది, వచ్చే బుధవారం వస్తుంది. ఇంటావిడ నోరు తెరిచింది. ఎదురుగా ఉన్న కళ్ళు తొమ్మిది వారాలు తను చెప్పిందల్లా నమ్మిన కళ్ళు. వాటి ముందు ఆ మాట బయటికి రాలేదు.

"తర్వాతేనండీ. తొమ్మిదో వారం, మీరు వెళ్ళిన గంటకు. నా చుక్క తప్పదని పేరుంది కదా, అది పోతుందని పెట్టాను. మిమ్మల్ని ఆపేస్తారని తెలుసు. మీరు తల ఎత్తి చూసినప్పుడు కర్టెన్ వెనక్కి కూడా తప్పుకున్నాను."

కూతురు మిషన్ ఆపింది. పిల్లలు కూడా తలెత్తి చూశారు. పెద్దమ్మ దుప్పటి అంచును ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో సాఫు చేసింది.

"మొదటి రోజే పెట్టానని చెప్పి ఉంటే ఇద్దరం హాయిగా ఉండేవాళ్ళం కదే" అంది చివరికి.

"అవునండీ."

"ఊఁ."

ఇంకో దుప్పటి లాగింది పెద్దమ్మ. పెద్దది, ఒక్క మనిషి చేతులకు అందేది కాదు. లేచి నిలబడి ఒక కొస పట్టుకుని, రెండో కొస ఆమె వైపు విసిరింది.

"పట్టుకో. నలగనివ్వకు."

ఇద్దరూ గదికి ఆ చివరా ఈ చివరా నిలబడి దుప్పటి బిగలాగారు. మధ్యకు మడిచి, దగ్గరికి నడిచి, కొసలు కలిపారు. పెద్దమ్మ వేళ్ళు ఆమె వేళ్ళకు తగిలాయి, గరుకుగా, వెచ్చగా. కొసలు తీసుకుని ఆవిడ వెనక్కి వెళ్ళింది, మళ్ళీ లాగారు, మళ్ళీ దగ్గరికి వచ్చారు. ఒకటి అయ్యాక ఇంకొకటి. గుట్ట తరిగిపోయేదాకా ఒక్క మాట లేదు. ఒక మనిషి చెయ్యి తన చేతికి తగిలి ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు. ఏడుపొచ్చింది. దుప్పటి మీద పడితే మరక అవుతుందని మొహం పక్కకు తిప్పుకుని మడత పెట్టింది.

ఆఖరి దుప్పటి పేర్చాక పెద్దమ్మ పీట మీద కూలబడి, "ఇక బయల్దేరు, బస్సులు కిక్కిరిసిపోతాయి" అంది. మళ్ళీ రమ్మనలేదు. బుధవారం మాట ఎత్తలేదు. రమ్మంటారా అని అడగడానికి ఇంటావిడకు మొహం చెల్లలేదు. కూతురు మెట్ల దాకా వచ్చి, "అమ్మకు మీరంటే చాలా ఇష్టమండీ, ఇంట్లో మీ గురించే చెబుతుండేది" అంది. ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది.

ఆ వారమంతా ఆమె పని మామూలుగానే చేసుకుంది. చుక్కలు పెట్టింది, రెండు తప్పాయి, మేనేజరు ఏదో అన్నాడు, ఆమె పట్టించుకోలేదు. మళ్ళీ సోమవారం వచ్చింది. పొద్దున లేచి ఇల్లు తుడిచింది, తుడిచిన ఇంటినే మళ్ళీ తుడిచింది. పిలవని గడప తొక్కడం ఆమె ఎరగదు. తన దగ్గరికి పని లేకుండా వచ్చినవాళ్ళ గురించి ఏమనుకునేదో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? సోఫాలో కూర్చుంది, లేచింది. చెప్పులు వేసుకుంది, విప్పింది. మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ వేసుకుని, ఈసారి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకుండా తలుపు లాగి తాళం వేసింది.

నాలుగో అంతస్తు మెట్ల మీద కాసేపు ఊపిరి తీసుకుంది. లోపల మిషన్ మోగుతోంది, పిల్లలు కీచులాడుకుంటున్నారు, ఏదో గిన్నె కింద పడింది. తలుపు తట్టింది. మిషన్ ఆగింది.

"ఎవరూ?" పెద్దమ్మ గొంతు.

ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు. కంపెనీ పేరు చెప్పి, ఫలానా పని మీద వచ్చానని చెప్పడం తప్ప ఏ తలుపు దగ్గరా ఆమె ఇంకేమీ చెప్పి ఎరగదు. ఇప్పుడు కంపెనీ లేదు, పనీ లేదు. తలుపు అవతల ఉన్నవాళ్ళు గొంతు గుర్తుపడతారన్న ధీమా ఉన్నవాళ్ళు మాత్రమే అనే మాట ఒకటుంది. భర్త ఉన్నప్పుడు, సాయంత్రం ఇంటికి వచ్చి, రోజూ అనేది ఆమె ఆ మాట. పద్దెనిమిదేళ్ళుగా అవసరం పడలేదు.

"నేనే" అంది.

లోపల చప్పుడు లేదు. పిల్లలు కూడా ఆగిపోయినట్టున్నారు. గుర్తుపట్టలేదేమో, గుర్తుపట్టే ఊరుకున్నారేమో. ఇంకోసారి అనడానికి ధైర్యం చాలక, వెళ్ళిపోవడానికి కాళ్ళు రాక, ఆమె తలుపు చెక్క మీద అరచెయ్యి పెట్టుకుని నిలబడింది.

"తలుపుకు గడియ వేసి లేదే," అంది పెద్దమ్మ లోపల్నుంచి. "తోసుకుని రా."